రోటిరాయి గళ్ళచీర

మూడేళ్ళుగా తుమ్మలగట్టు చర్చి స్త్రీల సమాజం ఒకే రకం చీర కట్టలేదు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు కట్టారు. ప్రతి క్రిస్మస్‌కూ పద్దెనిమిది మంది ఒకే చీరలో వేదిక పక్కన నిలబడి పాడుతుంటే, ఆలూరు నుంచి వచ్చిన చుట్టాలు పాట కంటే ముందు చీరను మెచ్చుకునేవారు. ఆ చీరలు ఎంపిక చేసేది రత్నమణి టీచరమ్మ. ఆమె చనిపోయిన ఏడాది దుఃఖంలో ఎవరూ చీరల మాట ఎత్తలేదు. రెండో ఏడు ఎత్తారు, తేలలేదు. మూడో ఏడు మాటా మాటా పెరిగి, వరమ్మ పక్షం ఒక వైపూ జీవిత పక్షం ఇంకో వైపూ నిలబడి పాడారు. వీళ్ళు పల్లవిలో ఉంటే వాళ్ళు చరణంలో ఉన్నారు.

ఇప్పుడు చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయి. డిసెంబరు మొదటి ఆదివారం పండుగ. అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి అరుగు మీదే పంచాయితీ మొదలైంది.

"నీలం," అంది వరమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి. శెనక్కాయ చేలల్లో ఒంగి ఒంగి నడుము ఒంగింది గానీ గొంతు ఒంగలేదు. "మాపు కనపడదు. పండగ అయినాక చేనికి గూడా కట్టకపోవచ్చు."

"నీలం కడితే ఆస్పత్రి ఆయాల మాదిరి ఉంటామత్తా," అంది జీవిత. ఆమె ఆశా కార్యకర్త, ముప్పై ఏళ్ళది, ఊళ్ళో పడుచువాళ్ళంతా ఆమె మాట మీద ఉంటారు. "పసుపు కడదాం. వీడియోలో కళగా ఉంటాది."

"పసుపు కడితే బంతిపూల గంప మాదిరి ఉంటాం. మేకలొచ్చి మేసి పోతాయి."

పాస్టరు జయకుమార్ అయ్యగారు చాలాసేపు రెండు వైపులా తల ఊపి, చివరికి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటున్న రత్నమణి భర్త నెహెమ్యాను పట్టుకున్నాడు.

"సార్, ఈ పని అమ్మగారు చేసేవారు. మీరే ఏదో ఒకటి తేల్చాలి. ఎమ్మిగనూరు నేతగాడు మహానంది రేపు కాదు, ఆ పై సోమవారం పడుగు వేస్తాడంట. నలభై రోజుల పని. ఆలోగా రంగు చెప్పకపోతే మగ్గం వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు."

"నాకు చీరల రంగులేం తెలుసయ్యగారూ?" అన్నాడు నెహెమ్యా. "నాకు తెలిసింది రాళ్ళ రంగులు."

"ఆమాత్రం తెలిస్తే చాలు," అంది వరమ్మ వెనక నుంచి. "చెప్పప్పా, నూరేండ్ల పండగనాడు గూడా మేము రెండు గుంపులై నిలబడితే, పైనుంచి నీ పెండ్లాం చూసి తల యాడ పెట్టుకుంటాది?"

ఆ మాట నెహెమ్యాకు ఇంటిదాకా వెంట వచ్చింది. రత్నమణి ఈ ఊరి బడిలో పాఠాలు చెప్పింది, ఈ ఊరి ఆడవాళ్ళకు పాటలు నేర్పింది. ఆమె పేరున మిగిలింది ఇల్లూ కాదు, పొలమూ కాదు, కలిసి పాడే ఆ పద్దెనిమిది గొంతులు. అవి విడిపోతే ఆమె చేసింది ఏదీ నిలవనట్టే. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది రోజులు ఉన్నాయి గదా అని మాత్రం అనుకున్నాడు.

*

నెహెమ్యా ముప్పై ఒక్క సంవత్సరాలు కడపలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించాడు. అప్పుడు సెలవులకే వచ్చేవాడు. రిటైరయ్యాక రత్నమణి బడి ఉన్న ఈ ఊరికే వచ్చి స్థిరపడ్డాడు. ఆయన భోజనాల బల్ల మీద సగం పళ్ళెం కోసం, సగం మైక్రోస్కోపు కోసం. కాలేజీవాళ్ళు పాత సామాను తీసేసినప్పుడు తెచ్చుకున్నది అది. అద్దం తిప్పి ఎండను పట్టుకుంటే చాలు, కరెంటుతో పనిలేదు.

రాళ్ళను చూడటానికి ఆ మైక్రోస్కోపు సరిపోదు. రాయిని వెంట్రుకలో సగం మందానికి అరగదీసి, గాజుపలక మీద అతికించి, కిందొకటి పైనొకటి ప్రత్యేకమైన ఫిల్ము ముక్కలు పెట్టి చూడాలి. ఒక ఫిల్ము దాటిన వెలుగును రెండోది ఆపేస్తుంది. మధ్యలో రాయి ఉంటే మాత్రం, అది వెలుగును మెలితిప్పి పంపుతుంది. అప్పుడు బూడిదరంగు గులకరాయిలో కూడా ఏవేవో కనిపిస్తాయి. అయితే ఆ రాయిని తిప్పాలి. తిప్పితేనే వెలుగుతుంది, తిప్పితేనే ఆరుతుంది. పాత మైక్రోస్కోపుకు ఉన్నది కదలని చదరపు పీట.

అందుకని వానాకాలమంతా కూర్చుని తిరిగే పీట ఒకటి తయారు చేసుకున్నాడు. ఆలూరులో మోటార్లు బాగుచేసే చంద్ర దగ్గర పాత బోరు మోటారు బేరింగు తెచ్చాడు. దాని మీద నడుమ రంధ్రం ఉన్న ఇనుప పళ్ళెం బిగించాడు. పిల్లల జామెట్రీ పెట్టెల్లోని కోణమానినులు రెండు ఎదురెదురుగా అతికిస్తే చుట్టూ మూడువందల అరవై గీతలు వచ్చాయి. చివరగా ఫోనును కంటిగొట్టం మీద నిలబెట్టడానికి ప్లాస్టిక్ పైపు మూత.

"ఏందిది సార్, తిరగలా?" అని అడిగాడు చంద్ర మొదటిసారి చూసి.

"తిరగలే. వెలుగును విసురుతుంది."

పీట తిరిగింది. కానీ పీట తిరిగే నడుమా, కన్ను చూసే నడుమా ఒకటి కావాలి. రవ్వంత తేడా ఉన్నా, పీట తిప్పగానే రాయి బజారు మేకలాగా పక్కకు పోతుంది. మూడు వైపులా మూడు మరలు పెట్టి, ఒకటి బిగించి ఒకటి వదులు చేస్తూ ఆ నడుమను వెతకడానికే ఆయనకు ఆగస్టు గడిచిపోయింది. పండుగ కోసమేమీ కాదు. సాయంత్రాలు గడవాలి గదా. మరలు తిప్పుతూ కూర్చుంటే సాయంత్రం ఎప్పుడు దాటేదో తెలిసేది కాదు. అదొక మేలు.

చూడటానికి రాయి కావాలి. ఇంట్లో ఉన్నది రత్నమణి రోలు. ఆమె పుట్టింటి నుంచి ఎద్దులబండిలో వచ్చిన రోలు. ఇంతకు ముందు, రోలు నున్నబడిందని ఉలితో కొట్టించినప్పుడు రాలిన పెచ్చులు రెండు ఆయన ఏరి అగ్గిపెట్టెలో దాచాడు. "రాళ్ళాయనకు రాళ్ళే బంగారం," అని నవ్వింది రత్నమణి అప్పుడు.

చీరల గొడవ నెత్తిన పడ్డ మర్నాడు ఏమీ తోచక ఆ అగ్గిపెట్టె తీశాడు. మొదటి పెచ్చును గాజుపలకకు అతికించి, మందపాటి అద్దం మీద గరుకు పొడీ నీళ్ళూ వేసి మూడు రోజులు రుద్దాడు. మూడో రోజు మధ్యాహ్నం, ఇంకొక్క పదిసార్లు అనుకున్నాడు. పదోసారికి రాయి లేదు. నీళ్ళలో బురదైపోయింది. అన్నం తినకుండా పడుకున్నాడు కాసేపు. తర్వాత లేచి రెండో పెచ్చు అతికించాడు. ఈసారి రాత్రుళ్ళు కూడా కూర్చుని, ప్రతి ఐదు రుద్దులకూ ఒకసారి కడిగి చూశాడు.

శుక్రవారం తెల్లవారగానే దాన్ని పీట మీద పెట్టాడు. అద్దంలోకి ఎండ పట్టాడు. బూడిదరంగు, తెలుపు, నలుపు. పైన నాలుగు పొరల సెల్లోటేపు అతికించిన గాజుముక్కను అడ్డంగా దూర్చాడు. రంగులు రావాలంటే అదొక ఉపాయం.

నెహెమ్యా కన్ను కదల్చలేదు.

గళ్ళు. అడ్డం నిలువు సన్నటి గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, కొలిచి నేసినట్టు. నీలం నేల మీద పసుపు గీతలు. రోటిరాయిలోని ఖనిజం ఒకటి ఇలా గళ్ళుగానే కనబడుతుందని ఆయనకు తెలుసు. ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు చెప్పాడు. కానీ కాలేజీలో అది పరీక్షలో వచ్చే ఖనిజం. ఇక్కడ అది ఎమ్మిగనూరు చీర. రత్నమణి బడికి కట్టుకుపోయిన చీర. ఆమె పచ్చళ్ళు నూరిన రోటి కడుపులో మడిచి పెట్టి ఉంది.

ఆయన ఫోను కెమెరా అద్దం పగిలి ఏడాదైంది. రత్నమణి ఫోను బాగుంది. నెల నెలా రీచార్జి చేయిస్తూనే ఉన్నాడు, ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేడు. దాన్ని మూతలో బిగించి, గళ్ళు చట్రానికి సరిగ్గా వచ్చేదాకా పీట తిప్పి, ఫొటో తీశాడు. స్త్రీల సమాజం వాట్సాప్ గుంపులో రత్నమణి నంబరు ఇంకా ఉంది. తీసేయడానికి ఎవరికీ చేయి రాలేదు. ఆ గుంపులో ఫొటో పెట్టాడు. కింద ఏదో రాద్దామనుకుంటే పొయ్యి మీద పాలు పొంగాయి.

మర్నాడు చూసుకుంటే ఫొటోలో ఒక మూల గాలిబుడగ. నీట్‌గా తీద్దామని మళ్ళీ కూర్చున్నాడు. ఫోను తీసే చట్రం పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. పీటను పావు చుట్టు తిప్పితే బుడగ చట్రం బయటికి పోయింది. శుభ్రంగా వచ్చింది ఫొటో. అది కూడా గుంపులో పెట్టాడు. రంగులు తారుమారైన సంగతి ఆయన కంటికి తప్పు అనిపించలేదు. ముప్పై ఒక్క సంవత్సరాల అలవాటు: రాయి అదే, కోణం వేరు, అంతే గదా.

*

తలుపు తట్టింది వరమ్మ. వెనకాలే జీవిత. ఇద్దరూ కలిసి ఒక గడప ఎక్కడం ఊరు చూసి ఏడాదైంది.

"వందనాలప్పా," అంది వరమ్మ, కోపంలో కూడా మర్యాద మరవకుండా. "ఏమి ఆట ఆడిస్తాండావు మమ్మల్ని?"

"ఏమైందక్కా?"

"నిన్న పొద్దున్నే ఫోను మోగె. నా మనవరాలు చూసి 'అవ్వా, టీచరమ్మ నంబరు నుంచి చీర వచ్చింది' అనె. చూస్తే నీలం గళ్ళు! నేను ఊరంతా చెప్పింటి, టీచరమ్మ నీలమే అనింది, చూడండే అని."

"ఈ పొద్దు పసుపు వచ్చింది," అంది జీవిత, నవ్వు ఆపుకుంటూ. "పసుపు నేల, నీలం గీతలు. నేనూ ఊరంతా చెప్పినా మామా. టీచరమ్మ రాత్రంతా ఆలోచన చేసి మనసు మార్చుకునింది అని."

"పైన ఉండే మనిషికి మనసు మార్చుకునే పనేముండాది?" వరమ్మ విరుచుకుపడింది. "ఈయప్పే మార్చినాడు. చెప్పప్పా, మాట మీద నిలబడే మనిషివనుకుంటిమే! నీకు ఏ రంగు ఇష్టం?"

నెహెమ్యాకు అప్పటికి గానీ తాను చేసిన పని అర్థం కాలేదు. "అక్కా, అవి చీరలు కాదు. రాయి. రెండూ ఒకే రాయి."

ఇద్దరూ ఆయన్ను చూశారు.

"ఒకే రాయి, ఒకే చోటు. పావు చుట్టు తిప్పితే నీలం పసుపవుతుంది, పసుపు నీలమవుతుంది."

"రాయి రంగు మారుస్తుందా? అదేమన్నా ఊసరవెల్లా?"

"చూపిస్తాను, రాండి."

"నాకొక్కదానికి చూపిస్తే ఈ పిల్ల నమ్మదు. దానికి చూపిస్తే నేను నమ్మను," అంది వరమ్మ. "రేపు చర్చి కాడికి తీసుకరా. అందరి ఎదురుగ్గా తిప్పు. మారలేదంటే నీలం ఖాయం."

"మారితే?" అంది జీవిత.

వరమ్మ కొంగు సర్దుకుంది. "మారినప్పుడు చూసుకుందాం లే," అని మెట్లు దిగింది.

*

ఆదివారం పొద్దున నెహెమ్యా మైక్రోస్కోపును తువ్వాలుతో చుట్టి, చంటిబిడ్డను పట్టినట్టు ఒళ్ళో పెట్టుకుని జీవిత స్కూటీ వెనక కూర్చున్నాడు. ఆ దారిలో గుంతలు లేని చోట్లు రెండే. మిగతాది ఆయన కళ్ళు మూసుకునే ప్రయాణం చేశాడు.

ఆరాధన అయ్యాక చర్చి వరండాలో, దక్షిణం ఎండ పడేచోట బల్ల వేశారు. ఆడవాళ్ళంతా మూగారు. నెహెమ్యా అద్దం సర్ది, గాజుపలక పెట్టి, "రాండి వరమ్మక్కా," అన్నాడు.

వరమ్మ ఒంగి చూసింది. "అంతా చీకటి."

"ఒక కన్ను మూసుకోవల్ల అత్తా," అంది జీవిత. "రెండూ మూసుకున్నావు నువ్వు."

అందరూ నవ్వారు. వరమ్మ ఒక కన్ను తెరిచింది. "నీలమే ఉండాది," అంది గర్వంగా. "తిప్పప్పా ఇంక."

నెహెమ్యా పీట అంచును వేలితో నెట్టాడు.

"యాడికి పాయె?" అంది వరమ్మ. "పారిపోయింది నీ రాయి."

స్కూటీ కుదుపులకు మరలు కదిలిపోయాయి. నెహెమ్యా ఒక మర బిగించాడు, రాయి కనబడింది. తిప్పాడు, మళ్ళీ పారిపోయింది. ఇంకో మర. మళ్ళీ తిప్పాడు. ఆగస్టంతా పట్టిన పని, ఇప్పుడు పద్దెనిమిది మంది చూస్తుండగా చేయాలి. వెనక ఎవరో "ఇంటికి పోయి అన్నం వండుకోవల్ల," అన్నారు. మహానంది మగ్గం గుర్తొచ్చింది. రేపే సోమవారం.

వరమ్మ ఆయన వేలినే చూస్తోంది.

"ఎవరప్పా నీకు తిప్పేది నేర్పింది?" అంది. "ఒక పక్క నూకితే యా రాయైనా ఒక పక్కకే పోతాది. ఇసుర్రాయి ఎట్ల తిప్పేది? నూకేది కాదు, చుట్టూ తీసకపోయేది. జరుగు."

ఆమె కొంగు నడుముకు దోపి, పగుళ్ళు పట్టిన రెండు వేళ్ళు పీటకు చెరో పక్కా ఆనించింది. అరవై ఏళ్ళు జొన్నలూ రాగులూ విసిరిన చేయి. పీట నూనెలో తిరిగినట్టు తిరిగింది.

నెహెమ్యా కంటిగొట్టంలో చూశాడు. రాయి ఇప్పుడు ఇష్టం వచ్చినట్టు పారిపోవడం లేదు. ఒక చిన్న గుండ్రం గీస్తోంది. గుండ్రం ఉంటే దానికి నడుమ ఉంటుంది. నడుమ దొరికితే ఇంకేం కావాలి. "ఆపొద్దు అక్కా, అట్లే తిప్పుతూ ఉండు," అన్నాడు. ఎడమ మర కొంచెం. గుండ్రం చిన్నదైంది. కుడి మర. ఇంకా చిన్నదైంది. వెనక మర. నడిమధ్యలో ఒక నల్లచుక్క, ఆవగింజలో వెయ్యో వంతు, ఉన్నచోటే నిలబడి తన చుట్టూ తాను తిరుగుతోంది.

"నిలబడింది," అన్నాడు.

"నిలబడక ఏం చేస్తాది," అంది వరమ్మ. "ఇప్పుడు నన్ను చూడనీ."

ఒక కన్ను మూసి, తనే తిప్పుకుంటూ చూసింది.

"నీలం... నీలం తగ్గుతాండాది. అంతా రోజాపూల మాదిరి అయిపాయె. గళ్ళు యాడికి పాయెరా దేవుడా... ఉండు ఉండు..."

"నన్నూ చూడనీ అత్తా," అంది జీవిత.

"ఉండే, నేనింకా పసుపు కాడికి పోలేదు." పీట ఇంకొంచెం తిరిగింది. "ఓయమ్మా!"

"ఏమైంది?"

"పసుపు. నేలంతా పసుపు. గీతలు నీలం." ఆమె పీటను వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. "ఆ నల్లచుక్క అట్లే ఉండాది. యాడికీ పోల్యా. అదే రాయేనప్పా ఇది. మార్చలేదు ఈయప్ప."

తర్వాత జీవిత చూసింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరు పద్దెనిమిది మందీ చూశారు. నీలం వాళ్ళు కావాలని పసుపు దాకా తిప్పారు, పసుపు వాళ్ళు నీలం దాకా తిప్పారు. కొందరు మళ్ళీ వరుసలో చివర నిలబడ్డారు. అయ్యగారు కూడా నిలబడబోతే "మీరు మొగోళ్ళు, ఆఖర్న రాండయ్యగారూ," అని తోసేశారు.

"ఏది సొంత రంగు మామా దీనికి?" అని అడిగింది జీవిత.

"రెండూ దీనివే. నిలబడిన దిక్కును బట్టి."

"యాడి రాయి ఇది?" అంది వరమ్మ.

నెహెమ్యా గాజుపలక అంచు మీద వేలు పెట్టాడు. "రత్నమణి రోటిది."

వరమ్మ పళ్ళెం అంచు మీద చేయి పెట్టి, తీయలేదు.

"ఆ రోట్లో నేను ఎన్ని తూర్లు శెనక్కాయల చట్నీ నూరింటి," అంది. "పండగకు అందరం ఆ ఇంట్లోనే గదా నూరేది." తర్వాత ఆమె మొహం మెల్లగా విప్పారింది. "అయితే చట్నీలో పండ్లకింద కరకర అనేది ఇదేనా? చీరలు తింటిమే మనం ఇన్నేండ్లు!"

నవ్వులు వరండా దాటి బయటికి వినిపించాయి. నెహెమ్యా కూడా నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

"రేపు ఎమ్మిగనూరుకు నేనూ వస్తా," అంది వరమ్మ.

"నువ్వొస్తే నేనూ వస్తా," అంది జీవిత.

*

మహానంది మగ్గంగుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుగు నూలు ఇంకా ఎక్కించలేదు. నెహెమ్యా ఫోనులో ఫొటోలు చూపిస్తే, చేతులు తుడుచుకుని అందుకుని, దగ్గరగా పట్టి, దూరంగా పట్టి చూశాడు.

"ఎవరు నేసినారు సార్ ఇది? ఈ పనితనం మా పేటలో లేదే."

"దేవుడప్పా," అంది వరమ్మ.

"అట్లయితే కూలి అడగడులే." మహానంది ఫోనును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఏది నిలువు, ఏది అడ్డం?"

"ఎటైనా ఒకటే," అన్నాడు నెహెమ్యా.

"సరే, రంగు? ఏది ఖాయం చేసినారు?"

జీవిత వరమ్మను చూసింది. వరమ్మ పైకప్పును చూసింది. మహానంది ఇద్దరినీ చూసి, భార్యను పిలిచాడు. "హనుమంతమ్మా, టీ పెట్టు. టీచరమ్మ ఊరోళ్ళు వచ్చినారు. మళ్ళీ రెండు రంగులు తెచ్చినారు."

"మళ్ళీ అంటే?" అంది జీవిత.

"మళ్ళీ అంటే మళ్ళీనే. ఆయమ్మ వచ్చిన ప్రతి ఏడూ రెండు రంగులే గదా తెచ్చేది. 'మహానందీ, పెద్దోళ్ళు ఊదా అంటున్నారు, చిన్నోళ్ళు ఎరుపు అంటున్నారు' అనేది. నేను పడుగు ఒకరిది, పేక ఒకరిది వేసి నేసేవాణ్ణి. నిలువు పోగు ఊదా, అడ్డం పోగు ఎరుపు. ఇటు నుంచి చూస్తే ఊదా, అటు నుంచి చూస్తే ఎరుపు. ఎవురికి వాళ్ళు మాదే గెలిచిందనుకునేది. 'ఎవురికీ చెప్పద్దు నాయనా' అనేది ఆయమ్మ." మహానంది నాలుక కరుచుకున్నాడు. "చెప్తినే ఇప్పుడు!"

"ఇరవై రెండేండ్లు," అంది వరమ్మ. "ఇరవై రెండేండ్లు నన్ను గెలిపించినట్టే గెలిపించిందా!"

"నా పెండ్లయినప్పట్నుంచి నేనూ గెలుస్తానే ఉండా అత్తా," అంది జీవిత.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నెహెమ్యా గమనించలేదు. ఆయన మగ్గం మీద ఆనించిన తన చేతిని చూసుకుంటున్నాడు. రిటైరై వచ్చాక ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి తనకు తెలియలేదు. ఆమె ప్రతి అక్టోబరులో బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళి, సాయంత్రం అలసిపోయి వచ్చి, "తేలిపోయిందిలే" అని మాత్రం అనేది. ఎట్లా తేలిందని తాను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళకు ఆమె గురించి కొత్త మాట ఒకటి విన్నాడు. కొత్త మాటలు ఇంక ఉండవనుకున్నాడు ఆయన.

"అయితే ఈసారి?" అన్నాడు మహానంది.

"ఒళ్ళు నీలం, కొంగు పసుపు," అంది వరమ్మ.

"ఒళ్ళు పసుపు, కొంగు నీలం," అంది జీవిత.

"సరిపోయింది," అన్నాడు మహానంది. "పడుగు ఒకటే వేస్తా, నీలమూ పసుపూ కలిపి. తొమ్మిది చీరలకు నేల నీలం వచ్చేట్టు పేక పోనిస్తా, తొమ్మిదింటికి పసుపు వచ్చేట్టు తిప్పి పోనిస్తా. గళ్ళు మాత్రం అవే. మీరు కొట్లాడుకున్నా ఒకే పడుగులో ఉండి కొట్లాడుకోండి."

వరమ్మ కొంచెంసేపు లెక్కచూసుకుంది. నీలం ఉంది. ఓడిపోలేదు. జీవితా ఓడిపోలేదు. రెండింటి గళ్ళూ టీచరమ్మ రోటిలోవి.

"వెయ్యప్పా పడుగు," అంది. "టీ బాగుండాది హనుమంతమ్మా, ఇంకొంచెం పొయ్యి."

*

డిసెంబరు మొదటి ఆదివారం ఎండ బాగా కాసింది. నూరేళ్ళ పండుగకు ఆదోని, ఆలూరు, కర్నూలు నుంచి కూడా జనం వచ్చారు. పద్దెనిమిది మంది వేదిక పక్కన నిలబడ్డారు. పక్షాలుగా కాదు, ఒక నీలం, ఒక పసుపు, ఒక నీలం, ఒక పసుపు, గొంతుల వరుసలో, రత్నమణి ఎవరిని ఎక్కడ నిలబెట్టేదో అక్కడే. పల్లవి అందరిదీ ఒక్కసారే మొదలైంది. మూడో చరణంలో వరమ్మ గొంతు కాస్త ముందుకు పోయింది గానీ, అది ఎప్పుడూ పోతుంది.

ఆరాధన అయ్యాక మహానంది సంచిలోంచి కాగితం పొట్లం ఒకటి తీసి నెహెమ్యా చేతిలో పెట్టాడు. "పడుగు చివర కొంచెం మిగిలింది సార్. ప్రతి ఏడూ ఆయమ్మ వాటా అని మూర గుడ్డ ఎక్కువే వేసేవాణ్ణి. చెయ్యి మరవలేదు, ఈ తూరీ వేసింది." మూరెడు గళ్ళగుడ్డ. సగం నీలం నేల, సగం పసుపు నేల, నడుమ రంగు మారినచోట కుట్టు లేదు, అతుకు లేదు.

మైక్రోస్కోపు మీద కప్పడానికి సరిగ్గా సరిపోతుందని నెహెమ్యా అనుకున్నాడు. ఇన్నాళ్ళూ తువ్వాలు కప్పుతున్నాడు.

"మామా, ఫొటో!" అని పిలిచింది జీవిత.

రత్నమణి ఫోను తీసుకుని మెట్ల కింద నిలబడ్డాడు. పద్దెనిమిది మంది మెట్ల మీద సర్దుకున్నారు. చట్రంలో వరమ్మ సగమే పడుతోంది. ఎండ కూడా ఎడమ నుంచి గుచ్చుతోంది.

"కొంచెం ఇటు తిరగండమ్మా," అన్నాడు. "ఇంకొంచెం. ఇంకొంచెం తిరగాలి."

"చూడండే," అంది వరమ్మ గట్టిగా, "ఈయప్ప మమ్మల్ని గూడా పళ్ళెం మీద పెట్టి తిప్పుతాండాడు!"

పద్దెనిమిది మందీ ఒక్కసారి నవ్విన ఆ క్షణంలోనే ఆయన నొక్కాడు. ఫొటోలో సగం మంది కళ్ళు మూసుకుని ఉన్నారు, ఒకరి కొంగు ఇంకొకరి మొహం మీద ఎగిరింది. మళ్ళీ తీయమన్నారు. ఆయన తీయలేదు. దాన్నే గుంపులో పెట్టాడు.

అప్పటికప్పుడు మెట్ల మీద ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి మోగాయి. జీవిత తన ఫోను తీసి చూసి, వరమ్మకు చూపించింది.

"టీచరమ్మ పంపించింది అత్తా."

"తెలుసులే," అంది వరమ్మ. "నేను నీలంలో ఎట్ల ఉండానో చూడు ముందు."